పికప్‌కు పెద్ద టైర్లు, లెవెలింగ్ కిట్: ఏది ముందు, ఎంతవరకు

పికప్‌కు పెద్ద టైర్లు వేయించాలనుకునేవారు సాధారణంగా ముందు ఒక రిమ్ చూసి ముచ్చటపడతారు, తర్వాత దానికి పట్టే టైరు వెతుకుతారు, ఆ టైరు మడ్‌ఫ్లాప్‌కు రాసుకోవడం మొదలయ్యాక, బండి ముందు భాగాన్ని లేపే లెవెలింగ్ కిట్ గురించి ఆరా తీస్తారు. ఈ వరుస తలకిందులైనది. బండి చేసే పని ఏమిటో, వెనుక తొట్టిలో ఎంత బరువు ఎక్కుతుందో ముందుగా తేల్చుకోవాలి. దాన్ని బట్టి టైరును, టైరును బట్టి రిమ్‌ను నిర్ణయించుకుని, ఈ రెండూ ఖాయమైన తర్వాతే ముందు భాగాన్ని ఎన్ని మిల్లీమీటర్లు లేపాలో ఆలోచించాలి. ఈ వరుస పాటించినవారిలో చాలామందికి తాము మొదట అనుకున్నదానికంటే చిన్న టైరు, చిన్న కిట్టు సరిపోతాయి. కొందరికి కిట్టు అవసరమే ఉండదు.

హైదరాబాదులో సొంత వాడకానికి కనిపించే పికప్‌లు ప్రధానంగా రెండు: ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, టొయోటా హైలక్స్. వీటికి తోడు పాత టాటా జినాన్‌లు, మహీంద్రా స్కార్పియో గెటవేలు అక్కడక్కడా తిరుగుతున్నాయి. వీ-క్రాస్, హైలక్స్ రెండింటికీ ముందు వైపు డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (ఒక్కో చక్రాన్ని పైన అప్పర్ ఆర్మ్, కింద లోయర్ ఆర్మ్ పట్టుకునే అమరిక), కాయిల్ స్ప్రింగ్ ఉంటాయి. వెనుక గట్టి యాక్సిల్ మీద కమాన్ పట్టీలు ఉంటాయి. ఇక్కడ చెప్పే విషయాలు ఈ అమరికను దృష్టిలో పెట్టుకుని రాసినవి. కాయిల్ స్ప్రింగుకు బదులు టోర్షన్ బార్ (మెలితిరిగే కడ్డీ) ఉన్న పాత బండ్లలో బోల్టు తిప్పి ముందు భాగాన్ని లేపుతారు కాబట్టి వాటికి స్పేసర్ (ఎత్తు పెంచడానికి మధ్యలో పెట్టే దిమ్మ) ప్రసక్తి రాదు, అయితే కోణాల గురించి దిగువన చెప్పే జాగ్రత్తలన్నీ వాటికీ వర్తిస్తాయి.

ముందు భాగం ఎందుకు వాలి ఉంటుంది

ఖాళీ పికప్‌ను పక్కనుంచి చూస్తే ముక్కు కిందికి, తోక పైకి ఉన్నట్టు కనిపిస్తుంది. ఇది తయారీలో జరిగిన లోపం కాదు. తొట్టిలో బరువు పడినప్పుడు కమాన్ పట్టీలు అణిగి బండి సమంగా నిలవాలని కంపెనీ వెనుక భాగాన్ని కావాలనే ఎత్తుగా ఉంచుతుంది. లెవెలింగ్ కిట్ అంటే ముందు భాగాన్ని మాత్రమే లేపి, ఖాళీగా ఉన్నప్పుడే బండి సమంగా కనిపించేలా చేసే ఏర్పాటు. దాని ఫలితం ఏమిటో ఊహించడం కష్టం కాదు. ఖాళీ బండి సమంగా ఉంటే, తొట్టిలో నాలుగు వందల కిలోల ఎరువు బస్తాలు వేసిన బండి తోక దించుకుని, ముక్కు పైకెత్తి నిలబడుతుంది. అప్పుడు హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో కొడతాయి, ముందు చక్రాల మీద పట్టు తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది, గట్టిగా బ్రేకు వేయాల్సిన చోట బండి తీరు మారుతుంది.

అందుచేత మొదటి ప్రశ్న బరువు గురించే వేసుకోవాలి. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు తోట ఉండి వారం వారం ఎరువులు, పైపులు, సిమెంటు బస్తాలు తీసుకెళ్లేవారు ముందు భాగాన్ని పూర్తిగా సమం చేయకూడదు. వెనుక భాగం కనీసం పదిహేను, ఇరవై మిల్లీమీటర్లు ఎత్తుగా మిగలాలి. తొట్టిలో రెండు సైకిళ్లు, ఒక టెంటు తప్ప మరేమీ ఎక్కని బండికి ఈ పట్టింపు కొంత తక్కువ. తొట్టి మీద గట్టి మూత, వెనుక బరువైన బంపరు ఇప్పటికే బిగించి ఉంటే ఆ బరువుకు వెనుక భాగం కొంత అణిగే ఉంటుంది కాబట్టి కొలత కూడా వాటితోనే తీసుకోవాలి.

చట్టం ఏమంటుంది

ఈ విషయాన్ని డబ్బు చెల్లించాక కాకుండా ముందే చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో నమోదైన వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా యజమాని బండిని మార్చకూడదు. వాహనం మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణపరమైన మార్పునే ఆ సెక్షన్ వివరణ మార్పుగా చెబుతుంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కఠినంగానే వ్యాఖ్యానించింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

దీన్ని బట్టి ఆచరణలో పాటించదగిన పద్ధతి ఇది. కంపెనీ అదే మోడల్‌లోని ఏ వేరియంట్‌కైనా ఇచ్చిన టైరు సైజు అన్నిటికంటే సురక్షితమైనది. దాన్ని దాటి వెళ్లాలనుకునేవారు ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌ను, బీమా సంస్థను, ఆర్‌టీఏ కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగి, సమాధానం చేతికి వచ్చాకే ముందడుగు వేయాలి. బీమా సంస్థకు చెప్పకుండా సస్పెన్షన్ మార్చిన బండికి ప్రమాదం జరిగితే క్లెయిము దగ్గర చిక్కు వస్తుంది. వారంటీలో ఉన్న బండికి ముందు సస్పెన్షన్, స్టీరింగ్, యాక్సిల్ భాగాల మీద వారంటీని సర్వీస్ సెంటర్ నిరాకరించే అవకాశమూ ఉంది. పసుపు నంబరు ప్లేటు ఉన్న రవాణా పికప్‌లు ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లాల్సినవి కాబట్టి వాటి జోలికి పోకపోవడమే మంచిది. టైరు ఫెండర్ అంచు దాటి బయటికి పొడుచుకు రావడం ఏ బండికీ తగదు. అది దూరం నుంచే ట్రాఫిక్ పోలీసుల కంటపడుతుంది, వానాకాలంలో వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుల మీద బురద చిమ్ముతుంది.

టైరు సైజు లెక్క

టైరు పక్కగోడ మీద 265/65 ఆర్17 అని ఉంటే 265 మిల్లీమీటర్లు వెడల్పు, అందులో 65 శాతం పక్కగోడ ఎత్తు, 17 అంగుళాలు రిమ్ వ్యాసం. 265లో 65 శాతం 172.25 మిల్లీమీటర్లు. పక్కగోడ పైనా కిందా ఉంటుంది కాబట్టి రెట్టింపు చేస్తే 344.5, దానికి 17 అంగుళాల రిమ్, అంటే 431.8 మిల్లీమీటర్లు కలిపితే టైరు మొత్తం వ్యాసం 776.3 మిల్లీమీటర్లు. హైలక్స్‌లో కింది వేరియంట్ ఈ సైజుతోనే వచ్చింది. పై వేరియంట్‌కు 265/60 ఆర్18 ఇచ్చారు, దాని వ్యాసం 775.2. రిమ్ ఒక అంగుళం పెరిగినా టైరు మొత్తం ఎత్తు ఒక మిల్లీమీటరు తేడాతో అక్కడే ఉందన్న సంగతి గమనించాలి. పెద్ద రిమ్ వేస్తే బండి ఎత్తు పెరుగుతుందనే అపోహ ఈ ఒక్క లెక్కతో తీరిపోతుంది. పెద్ద రిమ్ వల్ల పెరిగేది చూపు, తగ్గేది గుంతలో రిమ్‌ను కాపాడే రబ్బరు.

ఇప్పుడు 265/65 ఆర్17 స్థానంలో 265/70 ఆర్17 వేస్తే వ్యాసం 802.8 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే 26.5 మిల్లీమీటర్లు పెరిగింది. కానీ బండి నేల నుంచి లేచేది అందులో సగం, పదమూడు మిల్లీమీటర్లే. అదే 285/70 ఆర్17 వేస్తే వ్యాసం 830.8, బండి లేచేది ఇరవై ఏడు మిల్లీమీటర్లు, ఇరవై మిల్లీమీటర్ల అదనపు వెడల్పు దీనికి తోడవుతుంది. వీ-క్రాస్‌కు 255/60 ఆర్18 ఉన్నవారు 265/60 ఆర్18కు వెళితే వ్యాసం 763.2 నుంచి 775.2కు, అంటే ఒకటిన్నర శాతం మాత్రమే పెరుగుతుంది. అదే 265/65 ఆర్18కు వెళితే 801.7, అంటే అయిదు శాతం దాటుతుంది. ఇవన్నీ లెక్క ప్రకారం వచ్చే అంకెలు. ఒకే సైజు రాసి ఉన్న టైర్లే బ్రాండును బట్టి కొన్ని మిల్లీమీటర్ల తేడాతో ఉంటాయి కాబట్టి, జాగా ఇరుకుగా ఉన్నచోట తయారీదారు ఇచ్చే అసలు వ్యాసం, అసలు వెడల్పు అంకెలు చూడాలి.

ఈ శాతమే స్పీడోమీటరులోనూ కనిపిస్తుంది. వ్యాసం 3.4 శాతం పెరిగితే మీటరు 100 చూపినప్పుడు చక్రం నిజానికి 103.4 దూరాన్ని కొలుస్తుంది. కంపెనీ మీటర్లు సాధారణంగా అసలు వేగం కంటే కొంచెం ఎక్కువే చూపుతాయి కాబట్టి ఈ మాత్రం తేడా అందులో ఇమిడిపోతుంది. ఏడు శాతం పెరిగితే ఇమడదు. ఔటర్ రింగు రోడ్డు మీద మీటరు 120 చూపుతుండగా బండి 128 దగ్గర పోవచ్చు, గరిష్ఠ పరిమితి 120 ఉన్న రోడ్డు మీద కెమెరా మీటరును చూసి చలానా వేయదు. టైర్లు మార్చిన రోజే ఫోనులోని జీపీఎస్ వేగంతో మీటరును సరిపోల్చుకుంటే సరిపోతుంది.

పెద్ద టైరు అంటే పొడవైన గేరు అని కూడా అర్థం. చక్రం దగ్గర లాగుడు అదే శాతంలో తగ్గుతుంది. 500 న్యూటన్ మీటర్ల టార్కు ఉన్న హైలక్స్ ఆటోమేటిక్‌లో మూడు శాతం తగ్గుదల తెలియకపోవచ్చు. 360 న్యూటన్ మీటర్ల వీ-క్రాస్ 1.9 లీటర్ ఇంజిన్‌లో అయిదు శాతం తగ్గుదల, పైగా ఒక్కో టైరుకు కొన్ని కిలోల అదనపు బరువు కలిస్తే మెహదీపట్నం ఫ్లైఓవర్ కింద ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో తెలుస్తుంది. చక్రం బరువు పెరిగేకొద్దీ బ్రేకులకు, షాకులకు పని పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది. మూడు, మూడున్నర శాతం దాటకుండా ఆగడం నగరంలో నడిచే పికప్‌కు సమంజసమైన హద్దు అని నా అభిప్రాయం. అయిదు శాతం దాటినవారికి తర్వాతి ఖర్చులన్నీ వరుసగా ఎదురవుతాయి.

లోడు అంకె, టైరు రకం

సైజు తర్వాత 112ఎస్, 116టి వంటి గుర్తులు ఉంటాయి. అంకె ఒక్క టైరు మోయగల బరువును, అక్షరం గరిష్ఠ వేగాన్ని చెబుతాయి. 112 అంటే 1,120 కిలోలు, 116 అంటే 1,250 కిలోలు, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు. కొత్త టైరు లోడు అంకె కంపెనీ ఇచ్చినదానికంటే ఒక్కటి కూడా తగ్గకూడదు. కార్ల కోసం చేసిన అదే సైజు టైరు చవకగా దొరికినప్పుడు ఈ అంకె దగ్గరే తేడా బయటపడుతుంది.

సైజుకు ముందు ఎల్‌టీ (లైట్ ట్రక్) అని ఉన్న టైర్లు మరో తరగతివి. వాటి పక్కగోడలు మందంగా, గట్టిగా ఉంటాయి. అనంతగిరి చుట్టుపక్కల రాతి బాటల్లో అంచు తగిలినా అంత తొందరగా చీలవు. అయితే వాటి మీద రాసిన పూర్తి బరువు మోయాలంటే గాలి పీడనం చాలా ఎక్కువ ఉండాలి. కొన్నింటిలో అది 80 పీఎస్‌ఐ వరకు ఉంటుంది. డోరు దగ్గర స్టిక్కరు మీద ఉన్న పీడనమే ఎల్‌టీ టైరులోనూ కొట్టిస్తే, అది మోయగల బరువు పక్కగోడ మీది అంకె కంటే బాగా తక్కువ. అందువల్ల ఎల్‌టీ టైరు వేసినవారు తయారీదారు లోడు పట్టికను చూసి పీడనం నిర్ణయించుకోవాలి. పట్టికలో వచ్చిన పీడనం బండికి నప్పిందో లేదో చూడటానికి సుద్దముక్కతో ఒక చిన్న పరీక్ష ఉంది. ట్రెడ్ మీద అడ్డంగా మందంగా గీత గీసి, చదునైన సిమెంటు రోడ్డు మీద వంద అడుగులు తిన్నగా నడిపి దిగి చూడాలి. గీత మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, రెండు అంచుల్లో చెరిగి మధ్యలో మిగిలితే గాలి తక్కువ. ఈ పరీక్ష పట్టిక చెప్పిన కనీస పీడనానికి దిగువకు వెళ్లడానికి సాకు కాకూడదు. పీడనం ఎప్పుడూ ఉదయం, బండి కదలకముందు చూడాలి. మే నెల మధ్యాహ్నం వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిందని తీసేయిస్తే తెల్లారేసరికి తక్కువపడుతుంది.

రకం విషయంలో ఎక్కువ చర్చ అవసరం లేదు. రోడ్డు మీదే తిరిగే బండికి హైవే టెరైన్, రోడ్డూ మట్టీ రెండూ ఉన్న బండికి ఆల్ టెరైన్ సరిపోతాయి. మడ్ టెరైన్ టైర్లు సిమెంటు రోడ్డు మీద హోరెత్తుతాయి, తడిసిన రోడ్డు మీద బ్రేకు దూరాన్ని పెంచుతాయి, నగరంలో తొందరగా అరుగుతాయి. వానాకాలంలో నల్లరేగడి చేలల్లోకి దిగాల్సిన అవసరం నిజంగా ఉన్నవారికి వాటి ఉపయోగం కాదనలేనిది. రేగడి మట్టి ఆల్ టెరైన్ టైరు గాడుల్లో ఇరుక్కుని చక్రాన్ని నున్నగా చేసేస్తుంది. ఏడాదికి రెండుసార్లు చేలోకి దిగేవారు మాత్రం మిగిలిన రోజులన్నీ ఆ హోరు భరించడం కంటే నేల ఆరేదాకా ఆగడం మేలు.

కొనేటప్పుడు పక్కగోడ మీద ఐఎస్ఐ గుర్తు, తయారీ తేదీ చూడాలి. డీఓటీ అక్షరాల చివర ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు ఏడాదిని చెబుతాయి. 2325 అంటే 2025లో 23వ వారం. పికప్‌ల పెద్ద సైజులు తక్కువగా అమ్ముడుపోతాయి కాబట్టి దుకాణంలో పాత నిల్వ మిగిలి ఉండటం అరుదు కాదు. దిగుమతి టైర్ల మీద 2020 నుంచి ఆంక్షలు ఉన్నందున కొన్ని సైజులు ఎప్పుడు దొరుకుతాయో చెప్పలేం. అందువల్ల మూడేళ్ల తర్వాత ఒక్క టైరు చిరిగితే అదే సైజు, అదే నమూనా దొరుకుతుందా అన్న ప్రశ్న కూడా దుకాణదారుని అడగాలి.

రిమ్ మార్చకుండా ఉండగలిగితే మార్చకపోవడమే నయం. మార్చక తప్పకపోతే పీసీడీ (నట్ల సంఖ్య, అవి ఉండే వలయం వ్యాసం) ఒక్కటే కలిస్తే చాలదు. హైలక్స్, వీ-క్రాస్ రెండింటి పీసీడీ 6×139.7 అయినా, ఒకదాని రిమ్ మరొకదాని హబ్బుకు మధ్య రంధ్రం దగ్గర సరిగ్గా కూర్చోకపోవచ్చు. ఆఫ్‌సెట్ (రిమ్ మధ్యగీతకు, హబ్బుకు ఆనే తలానికి మధ్య దూరం) అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. బయటికి జరిగిన చక్రం స్టీరింగ్ తిప్పినప్పుడు పెద్ద వలయంలో తిరిగి, ముందు బంపరు మూలకో, వెనుక బాడీ మౌంటుకో తగులుతుంది. చాలామంది దీన్ని టైరు సైజు తప్పు అనుకుంటారు, కానీ తప్పు రిమ్‌ది.

కొలవడం

కిట్టు కొనడానికి ముందు కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. అపార్టుమెంట్ సెల్లార్‌లో చదునైన చోట బండి ఆపి, ట్యాంకు నిండుగా, నాలుగు చక్రాల్లో సరైన గాలితో ఉంచి, రోజూ తొట్టిలో ఉండే సామానును అలాగే ఉంచి, చక్రం మధ్యబిందువు నుంచి నిట్టనిలువుగా ఫెండర్ అంచు వరకు టేపుతో కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి కూడా కొలతలో కలిసిపోతాయి. నాలుగు చక్రాల దగ్గరా కొలిచి రాసుకోవాలి. డ్రైవరు వైపు, ఎడమ వైపు అయిదారు మిల్లీమీటర్ల తేడా ఉండటం మామూలే. అంతకు మించితే ఏదో స్ప్రింగ్ అణిగిపోయిందని అర్థం, దాన్ని బాగు చేయించాకే కిట్టు మాట.

ఉదాహరణకు ముందు 510, వెనుక 550 వచ్చాయనుకుందాం. తేడా నలభై. దీన్ని పూర్తిగా పూడ్చకుండా ముందు భాగాన్ని పాతిక మిల్లీమీటర్లు లేపితే పదిహేను మిగులుతుంది. ఇప్పుడు రోజూ మోసే బరువంతా తొట్టిలో వేసి వెనుక మళ్లీ కొలవాలి. అది 520కి వచ్చిందనుకుంటే, ముందు 535 చేసిన బండి బరువుతో వెళ్లేటప్పుడు తోక దించుకుంటుందని అక్కడే తెలిసిపోతుంది. అలాంటి బండికి ముందు స్పేసర్‌తో పాటు వెనుక కమాన్‌కు ఒక పట్టీ చేర్చడమో, లేపే ఆలోచనే మానుకోవడమో చేయాలి. పట్టీ చేరిస్తే ఖాళీ బండి వెనుక భాగం గుంతల్లో ఎగురుతుంది, ఆర్‌సీలో రాసిన బరువు పరిమితి మాత్రం ఒక్క కిలో కూడా పెరగదు.

సెల్లార్‌లో కొలుస్తున్నప్పుడే మరో పని ముగించాలి. ర్యాంపు దగ్గర పైకప్పుకు వేలాడే పైపులు, దూలాల ఎత్తు కొలిచి, క్యారియర్‌తో సహా బండి ఎత్తుకు లేపబోయే మిల్లీమీటర్లు, టైరు వ్యాసంలో వచ్చే పెరుగుదలలో సగం కలిపి చూసుకోవాలి. ఈ కొలత మరచినవారు కొత్త టైర్లతో ఇంటికి వచ్చి బండిని వీధిలో పెట్టుకుంటారు.

కిట్టు ఎంపిక

కిట్టు కొనే ముందు రెండు అపోహలు వదిలించుకోవాలి. ముందు స్పేసర్ వేస్తే బండి అడుగుభాగం అంతా పైకి లేస్తుందనేది మొదటిది. వెనుక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గోళం, తరచుగా రాయికి తగిలేది అదే, స్పేసర్ వల్ల ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపగలిగేది టైరు మాత్రమే. స్పేసర్ వేస్తే టైరు రాసుకోదనేది రెండోది. స్పేసర్ చక్రం సాధారణంగా నిలిచే చోటును కిందికి దించుతుంది గాని, పెద్ద గుంతలో పడి సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు చక్రం మునుపటి ఎత్తుకే చేరుతుంది. ఆ స్థితిలో స్టీరింగ్ తిరిగి ఉంటే రాసుకునే టైరు స్పేసర్ ఉన్నా రాసుకుంటుంది. కాబట్టి టైరు తన సైజుతోనే వీల్ ఆర్చ్‌లో ఇమడాలి, కిట్టును నమ్ముకుని కాదు.

కిట్లలో చవకైనది షాకు, స్ప్రింగు కలిసిన స్ట్రట్ పైభాగంలో పెట్టే స్పేసర్. స్ట్రట్ లోయర్ ఆర్మ్‌కు చక్రం నుంచి కొంత లోపలగా బిగించి ఉంటుంది కాబట్టి, స్పేసర్ మందం ఎంతో చక్రం దగ్గర అంతే ఎత్తు రాదు. సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు వస్తుంది. పాతిక మిల్లీమీటర్ల స్పేసర్ అడిగి, బండి నలభై, యాభై లేచిందని ఆశ్చర్యపోయేవారు ఈ లెక్క తెలియనివారే. కిట్టు మీద రాసిన అంకె స్పేసర్ మందమా, చక్రం దగ్గర వచ్చే ఎత్తా అన్నది కొనేముందు తేల్చుకోవాలి. ఈ స్పేసర్ షాకు కదలికను మార్చదు గాని మొత్తం స్ట్రట్‌ను పొడవు చేస్తుంది. అందువల్ల చక్రం వేలాడినప్పుడు ఆర్మ్‌లు మునుపటికంటే కిందికి దిగుతాయి, పూర్తిగా అణిగినప్పుడు బంప్ స్టాప్ (సస్పెన్షన్ కదలికను ఆపే రబ్బరు దిమ్మ) తగలడానికి ముందే షాకు లోపల ఢీకొనే ప్రమాదమూ ఉంటుంది. మందం పెరిగేకొద్దీ రెండూ పెరుగుతాయి.

స్ప్రింగు లోపల పెట్టి దాన్ని బిగించే స్పేసర్ మరో రకం. అది స్ట్రట్ పొడవును పెంచదు, కానీ చక్రం కిందికి దిగడానికి మిగిలే కదలికను తినేస్తుంది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు నుంచి టక్కుమని శబ్దం వస్తే కారణం అదే. కాలనీకి పది స్పీడ్ బ్రేకర్లు ఉన్న ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

మూడో మార్గం కొంచెం పొడవైన స్ప్రింగులు, వాటికి తగిన షాకులు కలిపి మార్చడం. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్ వంటి ఆస్ట్రేలియా బ్రాండ్లలో మోడల్ వారీగా, ముందు బంపరు, వించ్ బరువును బట్టి స్ప్రింగులు ఉంటాయి. ఖర్చు స్పేసర్ కంటే చాలా రెట్లు ఎక్కువ. అయినా కంపెనీ షాకులు అరవై, డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగి అలిసిపోయిన బండికి, ఎలాగూ షాకులు మార్చాల్సిందే కాబట్టి ఇదే సరైన దారి. పాత షాకు మీద కొత్త స్పేసర్ పెట్టడం డబ్బు ఆదా అనిపించుకోదు.

ఎత్తు ఎంత అన్న ప్రశ్నకు చక్రం దగ్గర ముప్పై, నలభై మిల్లీమీటర్ల వరకు అన్నది నా జవాబు. అది దాటితే అప్పర్ ఆర్మ్ కోణం నిటారుగా మారి, బాల్ జాయింట్ చివరి హద్దుకు చేరుతుంది, చక్రం వేలాడినప్పుడు ఆర్మ్ స్ప్రింగుకు తగలవచ్చు. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ముందు చక్రాలకు లాగుడును అందించే సీవీ జాయింట్ కోణం పెరిగి రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి. చిరిగిన బూటులోంచి గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి వెళ్లాక జాయింట్ ఎక్కువ కాలం నిలవదు. క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గడం వల్ల స్టీరింగ్ మలుపు తర్వాత తనంతట తాను మధ్యకు రావడం మందగిస్తుంది, ఔటర్ మీద బండి అటూ ఇటూ తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. యాభై మిల్లీమీటర్లు దాటాలనుకునేవారు కొత్త అప్పర్ ఆర్మ్‌ల ఖర్చు కూడా కలుపుకోవాలి.

బిగించే రోజు

వనస్థలిపురం ఆటోనగర్‌లోనైనా, నగరంలోని ఆఫ్‌రోడ్ దుకాణాల్లోనైనా పని ఎవరు చేస్తారన్నదానికంటే ఎలా చేస్తారన్నది చూడాలి. స్ట్రట్ విప్పడానికి స్ప్రింగ్ కంప్రెసర్ ఉందా, బోల్టులు టార్క్ రెంచితో బిగిస్తారా అని ముందే అడగాలి. గోడ దగ్గర కడ్డీతో స్ప్రింగును నొక్కిపట్టే పద్ధతి ప్రాణాంతకం, అలాంటి చోట బండి ఇవ్వకూడదు.

కళ్లారా చూడాల్సిన పని ఒకటుంది. లోయర్ ఆర్మ్‌ను ఛాసిస్‌కు కలిపే బోల్టులు వదులు చేసినట్లయితే, వాటిని బండి జాకీ మీద, చక్రాలు గాల్లో వేలాడుతుండగా గట్టిగా బిగించకూడదు. అలా బిగిస్తే లోపలి రబ్బరు బుష్ వేలాడే స్థితిలోనే పట్టుకుపోతుంది. బండిని దించగానే ఆ రబ్బరు మెలిపడి, నెలల్లోనే చిరుగుతుంది, కొలిచిన ఎత్తు కూడా కొంత తప్పుగా వస్తుంది. చక్రాలు నేల మీద ఆని, బండి బరువు వాటిమీద పడ్డాకే చివరి బిగింపు చేయాలి. ఈ పనికి అదనంగా పట్టేది పావుగంటే, అయినా తొందరలో ఉన్న మెకానిక్ వదిలేసేది దీన్నే. పక్కన నిలబడి అడగడం అమర్యాద కాదు. బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ తీగలు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు లాగినట్టు బిగుసుకుంటున్నాయా అన్నదీ అప్పుడే చూడాలి.

టైర్లు ఎక్కించాక స్టీరింగ్‌ను పూర్తిగా ఒకవైపు తిప్పి, నెమ్మదిగా ముందుకూ వెనక్కూ నడిపి, రెండో వైపూ అలాగే చేయాలి. తర్వాత ఒక ముందు చక్రాన్ని ఎత్తైన దిమ్మ మీదికి ఎక్కించి సస్పెన్షన్ అణిగేలా చేసి మళ్లీ తిప్పాలి. దిగి టార్చితో చూస్తే మడ్‌ఫ్లాప్ లోపలి అంచు, ఫెండర్ ప్లాస్టిక్ లైనరు వెనుక భాగం, అప్పర్ ఆర్మ్ ఈ మూడు చోట్ల రాపిడి గుర్తులు తెలుస్తాయి. లైనరును వేడి గాలితో కొంచెం వంచడం, మడ్‌ఫ్లాప్‌ను జరపడం వరకు ఒప్పుకోవచ్చు. ఛాసిస్ మౌంటును గ్రైండరుతో కోయమనేవారుంటారు, ఆ పని చేయాల్సి వచ్చిందంటే టైరు ఆ బండిది కాదు.

అలైన్‌మెంట్ అదే రోజు జరగాలి. చాలా కేంద్రాల్లో టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) మాత్రమే సరిచేసి పంపుతారు. క్యాంబర్ (ఎదురుగా చూస్తే చక్రం వాలిన కోణం), క్యాస్టర్, టో మూడూ సరిచేయడానికి ముందు, తర్వాత ఎంత ఉన్నాయో చూపే ప్రింటు అడిగి తీసుకోవాలి. క్యాస్టర్ కంపెనీ హద్దుల్లోకి రావడం లేదంటే ఎత్తు ఎక్కువైందని ఆ కాగితమే చెబుతుంది, అప్పుడు చిన్న స్పేసర్‌కు మారడమో అప్పర్ ఆర్మ్‌లు కొనడమో తప్పదు.

హెడ్‌లైట్ల కోసం కిట్టు వేయడానికి ముందు రాత్రే సిద్ధం కావాలి. చదునైన చోట గోడకు ఏడున్నర మీటర్ల దూరంలో బండి ఆపి, లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, గోడ మీద వెలుగు పై అంచు దానికంటే ఎంత దిగువన ఉందో రాసుకోవాలి. కిట్టు వేశాక లైటు ఎత్తు మారినా ఆ దిగువ తేడా మారకుండా లైటు వెనుక మర తిప్పి సరిచేయించాలి. డ్యాష్‌బోర్డు మీది మీటతో దించేసి ఊరుకుంటే, తొట్టిలో బరువు వేసిన రోజు దించడానికి మీటలో ఇంకేమీ మిగలదు.

స్టెప్నీని చాలామంది లెక్కలోకి తీసుకోరు. పెద్ద టైరు తొట్టి కింది వేలాడే చోట పట్టకపోవచ్చు, పట్టినా యాక్సిల్‌కో సైలెన్సర్‌కో తగలవచ్చు. కొనేముందే అక్కడ కొలవాలి. పాత సైజు స్టెప్నీయే ఉంచుకున్నవారు, దాన్ని వేసుకున్న రోజు ఫోర్ వీల్ డ్రైవ్ మీట ముట్టుకోకూడదు. చక్రాల వ్యాసాల్లో తేడా ఉండగా తారు రోడ్డు మీద ముందు, వెనుక యాక్సిళ్లను కలిపితే శక్తిని రెండు యాక్సిళ్లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద భారం పడుతుంది. వెనుక యాక్సిల్ మీద రెండు వేర్వేరు సైజుల టైర్లతో ఎక్కువ దూరం నడిపితే డిఫరెన్షియల్‌కు విరామం ఉండదు, కాబట్టి పంక్చర్ దుకాణం దొరికేదాకానే ఆ చక్రాన్ని వాడాలి. వీలైతే అయిదు టైర్లూ ఒకే సైజులో కొనడం మంచిది.

వీల్ నట్లను మొదటి వంద కిలోమీటర్ల లోపు, సస్పెన్షన్ బోల్టులను అయిదు వందల నుంచి వెయ్యి కిలోమీటర్ల మధ్య టార్క్ రెంచితో మళ్లీ చూపించాలి. స్ప్రింగులు కొత్తవైతే ఆ సమయానికి కొంత అణుగుతాయి, అందువల్ల ఫెండర్ కొలతలు మళ్లీ తీసి పాత కాగితంతో సరిచూసుకుని, అలైన్‌మెంట్ మరోసారి చేయించాలి. ఆ తర్వాత ఎనిమిది, పది వేల కిలోమీటర్లకు ఒకసారి స్టెప్నీతో సహా టైర్ల చోట్లు మార్పిస్తూ, ముందు టైర్ల లోపలి అంచును వేళ్లతో తడిమి చూడాలి. అక్కడ రబ్బరు రంపపు పళ్లలా తగిలితే తర్వాతి సర్వీసు దాకా ఆగకుండా అలైన్‌మెంట్‌కు తీసుకెళ్లాలి.